నొప్పి లేని కాలి అచ్చు

ఆ స్కేటింగ్ రింకులో "నొప్పి" అనే మాట ఎవరూ పలకకూడదు. ఈ సంగతి ఏ గోడ మీదా రాసిపెట్టలేదు. అయినా మంచు మీద కాలు పెట్టిన ప్రతి పిల్లకీ మొదటి వారంలోనే బోధపడేది. ఎవరైనా పొరపాటున "మేడమ్, కాలు నొప్పిగా ఉంది" అన్నారో, అంతే సంగతులు. ఆ పిల్ల రింకు చుట్టూ రౌండ్లు కొట్టాలి. శిక్ష దానితో పోతే బాగానే ఉండేది. ఆ రౌండ్లు పూర్తయ్యేదాకా మిగతా పిల్లలంతా పాఠం ఆపేసి, చేతులు కట్టుకుని, చలికి వణుకుతూ గోడవారన నిలబడాలి. ఇక మేడమ్ నోరు చేసుకోవాల్సిన అవసరమేముంది? ఆ పని తోటి పిల్లలే చేసిపెట్టేవాళ్ళు. బట్టలు మార్చుకునే గదిలో మోచేతులతో పొడిచేవాళ్ళు, చేతి తొడుగులు చెత్తబుట్టలో పడేసేవాళ్ళు. తన చేతికి మట్టి అంటకుండా పని జరిపించుకోవడం అంటే ఇదీ.

ఈ మేడమ్‌కి ఒక కూతురు. పదిహేనేళ్ళది. ఆ రింకులో అందరికన్నా బాగా స్కేటింగ్ చేసేది. ఆ పిల్లకి "ఉక్కు" అని పేరు పెట్టింది తల్లి. ముద్దుపేరే గానీ ఇంట్లో ఒక్కసారి కూడా ఆ పేరుతో పిలిచిన పాపాన పోలేదు, నలుగురి ముందే వాడేది. "మా ఉక్కుని చూసి నేర్చుకోండి. దీని నోట ఎప్పుడైనా ఆ మాట విన్నారా?" అనేది. అప్పుడు ఉక్కు ఒళ్ళంతా పులిసిపోయి ఉన్నా సరే నడుం నిటారుగా చేసి నిలబడేది. కన్నతల్లి నలుగురిలో మెచ్చుకుంటే ఏ పిల్లకి మాత్రం సంతోషం కాదు?

తల్లీకూతుళ్ళ మధ్య ఇంకో ఒప్పందం కూడా ఉండేది. ఒప్పందం అంటే తల్లి చెప్పింది, కూతురు తలూపింది. రింకులో ఉన్నంతసేపూ "అమ్మా" అనకూడదు, "మేడమ్" అనాలి. ఇంటికి వచ్చాక రింకు మాట ఎత్తకూడదు. "అక్కడ నేను నీ అమ్మని కాదు, ఇక్కడ నేను నీ మేడమ్‌ని కాదు. రెండూ కలిపితే రెండూ చెడతాయి" అని తల్లి అందరికీ గొప్పగా చెప్పుకునేది. విన్నవాళ్ళు ఎంత పద్ధతైన మనిషో అని ముక్కున వేలేసుకునేవాళ్ళు. ఉక్కు తండ్రి మాత్రం ఈ రెండు రాజ్యాల మధ్య తల దూర్చేవాడు కాదు. డ్యూటీ నుంచి వచ్చి, తిని, పేపరు చదువుకుని పడుకునేవాడు.

మరి ఉక్కుకి ఏం కావాలి? చలికాలం చివర్లో ఎంపిక పోటీ ఒకటి ఉంది. ఒక్కో రింకు నుంచి ఒక్కరినే పంపుతారు. అందులో నెగ్గినవాళ్ళు పెద్ద శిక్షణ కేంద్రానికి వెళ్ళి, అక్కడే హాస్టల్లో ఉండి నేర్చుకుంటారు. పతకాలూ ఫోటోలూ అంటే ఆ పిల్లకి పెద్ద మోజు లేదు. ఆ కేంద్రంలో వేరే కోచ్ ఉంటారు. అంటే తన అమ్మ ఇక మేడమ్ కానక్కర్లేదు. రోజూ సాయంత్రం ఫోన్ చేసి "అమ్మా, ఇవాళ పడ్డానే" అనొచ్చు. అవతలి నుంచి "అయ్యో, దెబ్బ తగిలిందా తల్లీ?" అని వినపడుతుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉక్కు ఈ సంభాషణంతా మనసులోనే జరుపుకునేది, రెండు వైపులా తనే మాట్లాడుతూ. ఇంత చిన్న కోరికకి అంత పెద్ద పోటీ నెగ్గక్కర్లేదని ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు.

తీరా పోటీకి ఇంకా కొన్ని నెలలుందనగా బూట్లు పేచీ పెట్టాయి. ఉక్కు పాదం ముందు భాగం వెడల్పు, మడమ సన్నం. కొన్న బూటు ఏదైనా సరే, వేళ్ళ దగ్గర నొక్కేది, మడమ దగ్గర జారేది. గాల్లోకి ఎగిరి ఒంటికాలి మీద దిగేటప్పుడు బూటులో మడమ కదిలిందంటే బూటు కింది బ్లేడు పక్కకి తిరుగుతుంది, మనిషి మంచు మీద బొక్కబోర్లా పడుతుంది. చూసి చూసి తల్లి ఒకరోజు కూతుర్ని బూట్లాయన దగ్గరికి తీసుకెళ్ళింది. వెంట ఇంకో పిల్ల కూడా వచ్చింది. ఆ పిల్లకీ బూట్లు సరిచేయించాల్సి ఉంది, వాళ్ళమ్మకి ఆఫీసులో సెలవు దొరకలేదు. ఉక్కుకన్నా ఏడాది చిన్నది, ఆటలో మాత్రం ఉక్కు తర్వాత తనే. కాకపోతే చీటికీ మాటికీ "అబ్బా", "అమ్మో" అంటూ ఉంటుంది. రౌండ్లు కొట్టీ కొట్టీ ఆ రింకులో గీతలు పడేలా చేసింది. మేడమ్ ఆ పిల్లకి పెట్టిన పేరు ఏడుపుగొట్టు. అందరూ అలాగే పిలిచేవాళ్ళు, ఆ పిల్లా పలికేది.

బూట్లాయన కొట్టు ఒక సైకిలు షాపు మీద మేడ గదిలో ఉంది. మెట్లెక్కుతుండగానే తోలూ జిగురూ కలిసిన వాసన ముక్కుపుటాలు అదరగొట్టేది. గోడ పొడవునా అరల్లో తెల్లటి ప్లాస్టర్ పాదాలు. ఎవరెవరివో, చిన్నవీ పెద్దవీ, ప్రతి దాని మీదా అక్కడక్కడ నీలం మరకలు. ఆయన లావుపాటి మనిషి, నోటికి మూత లేని రకం. వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి కబుర్లు చెప్పడమంటే పంచప్రాణాలు.

"మూడు దార్లున్నాయి మేడమ్ గారూ. మొదటిది, రెడీమేడ్ బూటు. దాన్ని ఈ పొయ్యిలో పెట్టి వేడి చేస్తా. వెచ్చగా ఉండగానే తొడిగి లేసులు బిగిస్తా. చల్లారేలోగా కాలి ఆకారం కొద్దో గొప్పో పట్టుకుంటుంది. రెండోది, ముందు ఇంత వెడల్పు, మడమ ఇంత వెడల్పు అని విడివిడిగా చెప్పి తెప్పించుకోవడం. అది మొగుడూ పెళ్ళాల రాజీ లాంటిది. ఎవరికీ నచ్చదు, కానీ రోజులు గడిచిపోతాయి."

తన జోకుకి తనే నవ్వుకున్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి గొంతు సవరించుకున్నాడు.

"మూడోది అసలైనది. కాలికి ప్లాస్టర్ అచ్చు తీస్తా. ఆ అచ్చు మీదే తోలు లాగి కుడతా. బూటు ఇంకెవరికీ పట్టదు, ఆ కాలికి తప్ప. కానీ టైము పడుతుంది."

"మూడోదే చెయ్యండి, మా అమ్మాయికి" అంది తల్లి. "దీనికి మొదటిది చాలు."

దీనికి అంటే ఏడుపుగొట్టుకి. ఆ పిల్ల అప్పటికే స్టూలు మీద కూర్చుని మేజోడు విప్పేసింది.

బూట్లాయన పని మొదలుపెట్టే పద్ధతి ఎవరికైనా ఒకటే. ముందు పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని బొటనవేలితో అంగుళం అంగుళం నొక్కుతాడు. ఎక్కడ నొప్పి అంటే అక్కడ నీలం పెన్సిల్‌తో సున్నా చుడతాడు. ఆ సున్నా అచ్చు లోపల దిగుతుంది. ఆ చోట అచ్చు మీద కాస్త ముద్ద అదనంగా పెడతాడు. అప్పుడు బూటులో సరిగ్గా అక్కడే ఖాళీ వస్తుంది, ఎముకకి ఊపిరాడుతుంది. అచ్చు తీయని బూటైతే ఆ చోట తోలుని వేడి చేసి బయటికి నెడతాడు.

"మీరు చెప్తేనే నాకు తెలుస్తుంది అమ్మాయిలూ. చెప్పకపోతే నాకేమైనా కలొస్తుందా?" అన్నాడు.

ఏడుపుగొట్టు చెప్పింది. చెప్పడమంటే మామూలుగా కాదు. వేలు తగలకముందే "అమ్మో అక్కడే" అంది. చిటికెనవేలు, మడమ వెనక, పాదం పైన, చీలమండ పక్కన. నవ్వుతూనే సున్నాలు చుట్టుకుంటూ పోయాడు బూట్లాయన.

"కాలు చూపించమంటే మ్యాపు చూపిస్తోందే ఇది" అంది మేడమ్. ఏడుపుగొట్టు మొహం ఎర్రబడింది. ఉక్కు నవ్వింది. నవ్వాలి కదా మరి, తల్లి జోకు వేసింది.

తర్వాత ఉక్కు వంతు. తల్లి వెనక్కి వచ్చి నిలబడి కూతురి భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అలా పడి ఎన్నాళ్ళయిందో. రింకులో వేయదు, మేడమ్ కాబట్టి. ఇంట్లో వేయదు, అలసిపోయి ఉంటుంది కాబట్టి. ఈ కొట్టు రింకూ కాదు, ఇల్లూ కాదు. ఉక్కు ఆ చేతి బరువు మీదే మనసంతా పెట్టి కూర్చుంది.

బూట్లాయన బొటనవేలు పాదం లోపలి పక్కకి వచ్చింది. అక్కడ, చీలమండకి కొంచెం కింద, ఒక ఎముక బుడిపెలా పొడుచుకొచ్చి ఉంది. పాత బూటు రాసుకుని రాసుకుని ఆ చోటు కందిపోయింది. అక్కడ నొక్కగానే నొప్పి మోకాలి దాకా జివ్వున ఎగబాకింది.

"నొప్పా?"

"లేదండీ."

ఆయన ఇంకాస్త గట్టిగా నొక్కాడు. ఉక్కు కళ్ళ ముందు చుక్కలు కనిపించాయి. పళ్ళు బిగబట్టింది.

"ఎర్రగా ఉందేంటమ్మా మరి?"

"మేజోడు గుర్తండీ. నొప్పేం లేదు."

భుజం మీద చెయ్యి మెచ్చుకోలుగా ఒకసారి తట్టింది. బూట్లాయన తలెత్తి తల్లి మొహం చూశాడు. ఆ మొహం వెలిగిపోతోంది. ఎన్ని వేల పాదాలు పట్టుకున్న చెయ్యి అది, ఆ మాత్రం తెలియదా? తెలుసు. కానీ భోజనాల వేళ అయింది, బేరం పెద్దది, కాలు ఎవరిదో వాళ్ళే లేదంటున్నారు. ఆయన పెన్సిల్ చెవి వెనక పెట్టుకుని ప్లాస్టర్ పట్టీలు నీళ్ళలో ముంచాడు. అచ్చు తెల్లగా, మచ్చ లేకుండా వచ్చింది. అంత శుభ్రమైన అచ్చు ఆ అరల్లో ఇంకోటి లేదు.

"ఒక్క గుర్తు కూడా లేదు, చూశారా?" అంది తల్లి, ఏదో మెడల్ అందుకున్నంత సంబరంగా. మెట్లు దిగుతూ ఉక్కు ఒకటే గర్వపడిపోయింది. పిచ్చిపిల్ల. ఆ కొట్టులో ఉన్న నలుగురిలో నిజం చెప్పింది ఏడుపుగొట్టు ఒక్కతే, నవ్వులపాలైందీ ఆ పిల్లే.

బూట్లు వచ్చాయి. ఎంత అందంగా ఉన్నాయని! మీగడ రంగు తోలు, లోపల మెత్తటి అస్తరు. కాలు పెడితే మడమ టక్కున కూర్చుంది. ఇక కదల్లేదు. మొదటిరోజే ఉక్కు ఎప్పుడూ పడిపోయే జంప్ ఎగిరి దిగి, రెక్కలు చాపినట్టు చేతులు చాచి జారుకుంటూ వెళ్ళిపోయింది. గోడవారన ఉన్న పిల్లలు నోళ్ళు వెళ్ళబెట్టారు. మేడమ్ "బాగుంది" అంది. ఆవిడ నిఘంటువులో అంతకన్నా పెద్ద మాట లేదు.

ఎముక బుడిపె దగ్గర మాత్రం ఖాళీ లేదు. వెంట్రుకవాసి ఖాళీ కూడా లేదు. నొప్పి లేని కాలికి చేసిన బూటు కదా, నొప్పికి చోటెందుకు ఉంచుతుంది?

కొత్త బూట్లు కరుస్తాయి, కొన్నాళ్ళకి లొంగుతాయి. ఇది స్కేటింగ్ చేసేవాళ్ళందరికీ తెలిసిందే. ఉక్కు కూడా అలాగే సరిపెట్టుకుంది. వారాలు గడిచాయి. బూట్లు లొంగలేదు. ముందు అక్కడ చర్మం లేచింది, తర్వాత మానింది, తర్వాత లోపలెక్కడో సలపడం మొదలైంది. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. అయినా జంపులు కుదురుతున్నాయి, మేడమ్ ఎంపిక పోటీకి ఉక్కు పేరు పంపేసింది. ఇప్పుడు నోరు తెరిస్తే అంతా గంగలో కలిసిపోతుంది.

అయినా ఒక్కసారి నోరు తెరిచింది. ఆదివారం సాయంత్రం బాత్రూములో బకెట్ మీద కూర్చుని పాదం మీద చన్నీళ్ళు పోసుకుంటోంది. తువ్వాలు కోసం తల్లి లోపలికి వచ్చింది. వాచిన పాదం ఎదురుగానే ఉంది. తల్లి చూసింది కూడా.

"అమ్మా, ఆ బూటు..."

తల్లి పెదాల మీద వేలు పెట్టి చిన్నగా నవ్వింది. "ఊఁహూఁ. ఇంట్లో రింకు మాటలా? ఏదైనా ఉంటే రేపు అక్కడ చెప్పు."

ఆ నవ్వులో కోపం లేదు. ఎంతో ముద్దుగా అంది. తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయింది.

మర్నాడు రింకులో, పాఠం మొదలవకముందే ఉక్కు దగ్గరికి వెళ్ళింది. "మేడమ్, నిన్న ఇంట్లో చెప్పబోయాను. బూటు ఉంది కదా..."

"ఏంటి? నొప్పా?"

మేడమ్ గొంతు ఆ రేకుల కప్పు కింద ఖంగున మోగింది. బ్లేడ్ల చప్పుడంతా ఒక్కసారి ఆగిపోయింది. పిల్లలందరూ ఇటు తిరిగారు. కొందరి కళ్ళల్లో భయం, కొందరి కళ్ళల్లో మాత్రం ఆశ. ఉక్కు కూడా నొప్పి అంటుందా? అంటే ఎంత బాగుండు! ఏడుపుగొట్టు ఒక్కతే ఆత్రంగా మెడ చాచి, చెప్పు అక్కా అన్నట్టు తల ఊపింది.

"కాదు మేడమ్. లేసులు పాడయ్యాయి, కొత్తవి కావాలి."

"దానికింత ఉపోద్ఘాతమా? పో, మొదలుపెట్టు."

ఇంట్లో చెప్పడానికి లేదు, రింకులో చెప్పడానికి లేదు. బస్సులో చెప్పుకుందామంటే అక్కడ వినేవాళ్ళు లేరు. తండ్రితో ఒకసారి "నాన్నా, కాలు బాగోలేదు" అంది. ఆయన పేపరు మీంచి చూపు తిప్పకుండా "అమ్మకి తెలుసుగా?" అన్నాడు. తెలుసు అంది ఉక్కు. అది అబద్ధం కూడా కాదు.

పోటీ ఇంకా కొంత దూరంలో ఉండగానే కాలు తన లెక్క తను తేల్చుకుంది. పాట పెట్టుకుని, పోటీలో చేయాల్సిన ఆటంతా ఒకసారి చేసి చూస్తున్నారు. ఉక్కు ఎగిరింది, దిగింది, దిగిన కాలి లోపల ఏదో పుటుక్కుమంది. కింద పడింది. "లే! పాట ఆగలేదు!" అని అరిచింది మేడమ్. ఉక్కు లేచింది. ఆ కాలితోనే మిగతా ఆటంతా పూర్తి చేసి, నడుం వంచి దండం కూడా పెట్టింది. బెంచీ దాకా వచ్చి కూర్చున్నాక బూటు ఊడి రాలేదు. లేసులన్నీ కోసినా ఊడి రాలేదు. బూటు లాగుతుంటే ఉక్కు చప్పుడు చేయలేదు గానీ, తెల్లగా పాలిపోయి పక్కకి ఒరిగిపోయింది.

డాక్టరు ఎక్స్‌రే దీపం ముందు పెట్టి చూసి తల అడ్డంగా ఊపింది. సరిగ్గా ఆ బుడిపె ఉన్న ఎముకే విరిగింది.

"ఇది ఇవాళ్టిది కాదండీ. చాలా రోజుల్నుంచి లోపల బీట వేస్తూ వచ్చింది. ఈ ఎముకకి రక్తం సరిగా అందదు, అతుక్కోవడం కష్టం. నడక వస్తుంది. ఎగరడాలూ దూకడాలూ మాత్రం మర్చిపోండి." తర్వాత ఉక్కు వైపు తిరిగింది. "ఇంత నొప్పి ఎలా భరించావమ్మా? ఎవరికీ చెప్పలేదా?"

ఉక్కు తల్లి వైపు చూసింది. ఈ గది కూడా రింకు కాదు, ఇల్లు కాదు. ఇక్కడైనా అమ్మ ఏదో ఒకటి అంటుంది అనుకుంది.

తల్లి అంది. "నోరు లేదా నీకు? ఒక్క మాట చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేదా? ఇంత చేస్తే చివరికి నన్ను దోషిలా నిలబెట్టావు!" అని, డాక్టరు ముందే, నర్సు ముందే, కళ్ళు తుడుచుకుంది. నర్సు వచ్చి ఆవిడకి మంచినీళ్ళు ఇచ్చింది. పాపం, కన్నతల్లి కదా! అందరూ ఆవిడనే ఓదార్చారు. మంచం మీద పడుకున్న ఉక్కు "సారీ" అంది. అమ్మా అనాలో మేడమ్ అనాలో తోచక అక్కడితో ఆపేసింది.

కాలికి కట్టు వేసి ఇంటికి పంపారు. పగలంతా ఇంట్లో ఒక్కతే. మొదట్లో ఏడ్చింది. తర్వాత తర్వాత ఒక ఆలోచన వచ్చి కొంచెం తేరుకుంది. ఆట పోయింది సరే. ఆటతో పాటు మేడమ్ కూడా పోయింది కదా? ఇక మిగిలింది అమ్మే కదా? పెద్ద కేంద్రానికి వెళ్ళి, హాస్టల్లో ఉండి సంపాదించుకుందామనుకున్నది ఇలా ఇంట్లో పడుకునే దొరుకుతుందేమో. పిల్ల మనసు ఎంత దరిద్రంలోనైనా ఒక లాభం వెతుక్కుంటుంది. సాయంత్రం తాళం చప్పుడు వినపడగానే ఉక్కు జుట్టు సవరించుకుని, దిండుకి ఆనుకుని కూర్చునేది. తల్లి లోపలికి వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి, "మందులు వేసుకున్నావా?" అని అడిగి వంటగదిలోకి వెళ్ళిపోయేది. రింకులో ఏం జరుగుతోందో చెప్పేది కాదు. ఇంట్లో రింకు మాటలు ఉండవు కదా.

కొన్ని వారాల తర్వాత ఒక ఉదయం తల్లి వచ్చి మంచం మీద కూర్చుంది. ఎప్పుడూ కూర్చోనిది కూర్చుంది. కట్టు ఉన్న కాలిని మెల్లగా తన ఒళ్ళోకి తీసుకుంది. ఏదో ఆలోచిస్తూ, కట్టు మీద నుంచే వేళ్ళతో తడిమింది.

"ఇవాళ నాతో బయటికొస్తావా?" అంది తల్లి.

ఉక్కు ప్రాణం లేచొచ్చింది. మంచి స్వెటర్ వేసుకుంది. చంకకర్రల మీద టకటకా నడిచి, తల్లికన్నా ముందే వీధిలోకి వచ్చింది. కారు వెనక సీటులో ఏడుపుగొట్టు కూర్చుని ఉంది. ఆ పిల్ల ఒళ్ళో ఉక్కు బూట్లు ఉన్నాయి.

ఎవరూ ఏమీ వివరించనక్కర్లేకపోయింది. పోటీకి ఒక్కరినే పంపాలి, ఉక్కు తర్వాత ఏడుపుగొట్టే. ఆ పిల్ల కాలి పొడవు కూడా అంతే, మడమ కూడా సన్నమే, పొయ్యిలో వేడి చేసిన రెడీమేడ్ బూట్లు జారుతున్నాయి. కొత్తగా అచ్చు తీసి కుట్టేంత టైము లేదు.

సైకిలు షాపు మెట్లు ఉక్కు ఎక్కలేకపోతే తల్లి నడుం పట్టుకుని ఎక్కించింది. బూట్లాయన ఉక్కుని చూసి కబుర్లు మరిచిపోయాడు. చూపు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బూట్లు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"సర్దొచ్చు మేడమ్ గారూ. వేడి చేసి, కావాల్సిన చోట తోలు బయటికి నెడతా. కానీ ఎక్కడ, ఎంత అనేది తెలియాలి కదా. ఈ అమ్మాయి ఇప్పుడు తొడుక్కుంటే తెలిసేది కాదు. గంటల తరబడి మంచు మీద దూకితే గానీ బూటు గుణం బయటపడదు. పైగా ఈ అమ్మాయి అన్నిటికీ అమ్మో అంటుంది."

"అందుకేగా దీన్ని తీసుకొచ్చింది" అంది తల్లి.

ఆవిడ ఉక్కు ముందు నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంది. కూతురి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, మొహంలోకి చూస్తూ, ఎప్పుడూ మాట్లాడనంత మెత్తగా అడిగింది.

"చెప్పు తల్లీ. నీకు ఎక్కడెక్కడ నొప్పి పెట్టేది?"

ఉక్కుకి ఎవరి కోసం అడుగుతోందో తెలుసు. తెలియకేం? పక్కనే స్టూలు మీద ఆ పిల్ల మేజోడు విప్పుకుంటోంది. చెప్పకూడదు అనుకుంది. నొప్పేం లేదు అని ఒక్క మాట అనేసి ఊరుకుందామనుకుంది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ అమ్మ చేతులు వెచ్చగా ఉన్నాయి. అమ్మ తన కళ్ళల్లోకే చూస్తోంది, ఇంకెటూ చూడటం లేదు. ఇలా అడిగితే చెప్పకుండా ఉండటం ఉక్కు వల్ల కాలేదు.

"ఇక్కడ" అంది, బూటు లోపలి పక్క వేలు పెట్టి. బూట్లాయన నీలం పెన్సిల్‌తో సున్నా చుట్టాడు.

"ఇంకా?" అంది తల్లి.

"చిటికెనవేలి దగ్గర. గోరు లోపలికి వెళ్ళిపోయేది."

"ఇంకా?"

"ఇక్కడ, లేసు కట్టే చోట. వంగినప్పుడల్లా కోసుకునేది. రెండు ముడులు వదులు చేస్తే తగ్గేది, కానీ వదులు చేస్తే మీరు... నువ్వు తిడతావని చేయలేదు."

"ఇంకా?"

ఉక్కు చెప్పుకుంటూ పోయింది. ఇక ఆపడం తన చేతుల్లో లేదు. దిగినప్పుడు నొప్పి పళ్ళ దాకా వచ్చేదని చెప్పింది. తర్వాత పాదమే లేనట్టు మొద్దుబారిపోయేదని చెప్పింది. పొద్దున్నే గోడ పట్టుకుని నడిచేదాన్నని, ఎవరూ చూడనప్పుడు మెట్ల మీద కూర్చుని పాక్కుంటూ దిగేదాన్నని, నొప్పి రాకుండా పడుకునే పద్ధతి ఒకటి కనిపెట్టానని, కాలు గోడకి ఎత్తిపెట్టి...

పెన్సిల్ ఎప్పుడో ఆగిపోయింది. బూట్లాయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

"అవన్నీ బూటుకి సంబంధం లేనివిలే" అంది తల్లి, చేతులు వదిలేసి లేస్తూ. "బూటు వరకు చెప్పాల్సింది అయిపోయినట్టేగా?"

"అయిపోయింది" అంది ఉక్కు.

బూట్లాయన పొయ్యి వెలిగించాడు. బూటు వేడెక్కాక ఇనుప పట్టకారుతో సున్నాలున్న చోటల్లా తోలుని లోపల్నుంచి బయటికి నెట్టాడు. బుడిపె దగ్గర బాగా నెట్టాడు, అడిగినదానికన్నా ఎక్కువే నెట్టాడు. చల్లారాక ఏడుపుగొట్టు కాలు పెట్టింది. అలవాటు చొప్పున "అబ్బా" అనబోయి ఆగింది. లేచి నిలబడింది. రబ్బరు పట్టా మీద నాలుగడుగులు వేసి, ఎగిరి చూసింది. కళ్ళు ఇంతింత చేసుకుంది.

"లేదు మేడమ్! నిజంగా! ఎక్కడా నొప్పి లేదు!"

మేడమ్ పకపకా నవ్వింది. తల్లి అలా నవ్వగా ఉక్కు ఎన్నడూ చూసి ఉండలేదు. ఏడుపుగొట్టు బుగ్గ గిల్లి, కూతురి వైపు తిరిగింది. ఆ మొహంలో కోపం గానీ దెప్పిపొడుపు గానీ లేవు, ఒట్టి సంతోషమే ఉంది.

"చూశావా, నోరు తెరిచి చెప్తే ఎంత తేలిగ్గా అయిపోయిందో!"

అని, ఏడుపుగొట్టు లేసులు సరిచేయడానికి మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుంది. ఆవిడకి చోటు చాల్లేదు. ఉక్కు తన కట్టు కాలిని రెండు చేతులతో ఎత్తి పక్కకి జరుపుకుంది.